మూడు గాట్ల ట్యాపు

మొద్దుబారిన ట్యాపు ఇనుములోకి దిగేటప్పుడు ఒక చప్పుడు చేస్తుంది. మోయలేని మూట నెత్తికెత్తుకున్న మనిషి పళ్ళు బిగించి మూలిగినట్టుంటుంది ఆ చప్పుడు. మొన్న హత్నూర దగ్గర మా కంపెనీలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక కొలతలు రాసుకుంటూ కూర్చున్నప్పుడు ఆ మూలుగు నా చెవిన పడింది. చేతిలో ఉన్నది అక్కడే వదిలేసి పరుగెత్తి మిల్లింగ్ మిషన్ మీది ఎర్ర బొత్తాం నొక్కేశాను. ఆపరేటర్ నావైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ట్యాపు బయటికి తీయించి దాని అంచును నా బొటనవేలి గోటి మీద ఆనించాను. జారిపోయింది. పదునున్న అంచైతే గోటిని పట్టుకుంటుంది. "గంత దూరం నుంచి మీకెట్ల తెలిసింది మేడం?" అని అడిగాడు. చెప్పాలంటే బాలమణి గురించి చెప్పాలి. ఆమెకు జరిగింది తలిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మంటలో సగం నా మీదే. అందుకని అతనికి ఏదో చెప్పి తప్పించుకున్నాను.

ట్యాపును ఎరగనివాళ్ళ కోసం రెండు మాటలు. రంధ్రం లోపలి గోడకు మర చుట్టే పనిముట్టు అది. చూడటానికి బోల్టులాగే ఉంటుంది కానీ నిలువునా మూడు నాలుగు గాడులు తీసి ఉంటాయి. ఆ గాడుల అంచులే పళ్ళు, అవే ఇనుమును కోస్తాయి. ముందు కొసన ఉండే నాలుగైదు పళ్ళ మీదే బరువంతా పడుతుంది కాబట్టి ముందు అరిగేవి కూడా అవే. అరిగిన ట్యాపును అలాగే నడిపితే రంధ్రంలో ఇరుక్కుని విరుగుతుంది. ఆ రంధ్రం సాధారణంగా చివరిదై ఉంటుంది. అప్పటిదాకా వారం రోజులు కష్టపడి చెక్కిన వస్తువు, మేము 'జాబ్' అనేది, మొత్తం చెత్తలోకి పోతుంది. చిటికెన వేలంత లేని ట్యాపు పీపా అంత పంపును పనికిరాకుండా చేస్తుందని నాకు డిప్లొమాలో ఎవరూ చెప్పలేదు.

ఆ డిప్లొమా పట్టుకునే నేను పటాన్‌చెరులోని ఒక కంపెనీలో ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. మా నాన్న గుంటూరు వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యే ముందు ఇంద్రేశంలో కొత్తగా వేసిన వెంచర్‌లో ఇల్లు కట్టారు. చేరిన మొదటి వారంలో అరిగిన ట్యాపులు ఒక పది ఏరి చెత్తడబ్బాలో వేయబోతుంటే, వెనకనుంచి ఒక ఆడమనిషి నా మణికట్టు పట్టుకుంది. కొంగు నడుముకు చుట్టి, ఇంకో చేతిలో చీపురు పట్టుకుని ఉంది. యాభైకి దగ్గరపడ్డ వయసు. "పడెయ్యకు మేడం. గవి సచ్చిపోలే, అలిసిపోయినయి" అంది. చెత్త ఊడ్చే ఆమె నాకు ట్యాపుల గురించి చెప్పడమేమిటని నాకు చిరాకేసింది. ఆ చిరాకు మొహంలో కనిపించే ఉంటుంది. ఆమె పట్టించుకోలేదు. ట్యాపులన్నీ కొంగులో పోసుకుని మూలనున్న గ్రైండర్ దగ్గరికి వెళ్ళింది.

సన్నటి రాయి బిగించిన గ్రైండర్ అది. ఆమె చీపురు గోడకు ఆనించి, కళ్ళద్దాలు పెట్టుకుని, ట్యాపును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని రాయికి అలా ముట్టించి ఇలా తీసింది. కాస్త తిప్పి ఇంకో పన్ను ముట్టించింది. ఒక్కో అంచుకు ఒక్కో ముట్టు, అన్నిటికీ ఒకే లెక్క. పెదవులు కదులుతుంటే ఏదో మంత్రం చదువుతోందనుకున్నాను. అడిగితే నవ్వింది. "మంత్రమేం లేదు బిడ్డా, ఒకటి రెండు మూడు లెక్కవెడుతున్న. ఒక పన్నుకు మూడు లెక్కవెట్టి, ఇంకోదానికి నాలుగు లెక్కవెడితె మొదటిదే పెద్దగ మిగులుతది" అంది. అయిపోయాక అదే రాయి మీద ట్యాపు తోకకొసన చిన్న గాటు పెట్టింది. ఎందుకని అడిగాను. "ఒకపాలి మొద్దువారితె ఒక గాటు. మూడు గాట్లు పడ్డయంటె ఇగ అది ముసల్ది. పక్కకు వెట్టాలె." గ్రైండర్ కింద ఒక పాత నెయ్యి డబ్బా ఉంది. మూడు గాట్ల ట్యాపులన్నీ అందులో వేసేది. స్క్రాప్ బండి వచ్చే రోజు దాకా అవి అందులోనే ఉంటాయి. దాన్ని పింఛను డబ్బా అనేది. ఆ పూట ఆమె నూరిన ట్యాపుతో తీసిన మర, నేను మరలు సరిచూసే గేజ్‌కు ఎంత హాయిగా సరిపోయిందంటే, నేను మూడుసార్లు తీసి పెట్టి చూసుకున్నాను.

బాలమణిది ఇంద్రేశమే. వాళ్ళ ఇంట్లో అందరూ కూలి పనికి పోయేవాళ్ళే. మా ఇల్లు ఎక్కడని అడిగి, చెప్పగానే, "గా మడిల నేను పదేండ్లు వరి కోసిన" అంది. పొలాలు ప్లాట్లయ్యాక కంపెనీలో ఊడ్చే పనికి వచ్చింది. ఆ రోజుల్లో అక్కడ పనిముట్లు నూరే టూల్ రూంలో ఒక పెద్దాయన ఉండేవారట. ఆయన పనిచేస్తుంటే ఊడుస్తూ ఊడుస్తూ చూసింది. కొడవలి నూరడం చిన్నప్పటినుంచీ చేతిలో ఉన్న పని. "కొడవలి మొద్దువారితె చెయ్యి నొస్తది. ట్యాపు మొద్దువారితె మిషిని నొస్తది. గంతే తేడా" అనేది. పెద్దాయన మానేశాక ఆ కుర్చీలోకి ఎవరినీ తీసుకోలేదు. ఎందుకు తీసుకుంటారు, ఊడ్చే జీతానికే ఆ పని కూడా జరిగిపోతుంటే!

శ్రీశైలం అని మా మిల్లింగ్ ఆపరేటర్ ఉండేవాడు. మంచివాడే, తొందర మనిషి. ఒకరోజు తీరిక లేక ట్యాపును మామూలు డ్రిల్లు చక్‌లో బిగించి నడపబోతుంటే బాలమణి చీపురు అడ్డం పెట్టింది. "ఏందిరా, గట్లనేనా పట్టేది? తోక నలుపలకలుగ ఎందుకున్నది? ఆ నలుపలకల్ని పట్టె హోల్డరు ఉండంగ గీ గుండ్రటిదాంట్ల బిగిస్తె లోపల జారి తిరుగదా?" అని గద్దించింది. వాడు "గట్టిగనే బిగించిన అక్కా" అన్నాడు. "గట్టిగ బిగించుడు గాదురా. తిరుగకుండ పట్టుకోవాలె, ముందుకు ఎనకకు జెర సందియ్యాలె. మిషిని దిగే వేగం, మర దిగే వేగం ఎన్నడన్న ఒక్కతీరుగుంటయా? సందియ్యకుంటె ఇరుగుతది." ఆ ఊగే హోల్డర్ ఎలా పనిచేస్తుందో నా పుస్తకంలో రెండు పేజీలు ఉంది. నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అర్థమైంది మాత్రం ఆ రోజే.

నాకు కూడా నూరడం నేర్పింది. నేను మొదట నూరిన ట్యాపుతో రంధ్రం వదులొచ్చింది. గేజ్ గిలక్కాయలా ఆడింది. ఆమె ట్యాపును వెలుతురుకు పట్టి చూసి ఫక్కున నవ్వింది. "మూడు పండ్ల ఒక్క పన్నే కోస్తున్నది మేడం. కడమ రెండు దొరల లెక్క ఉత్తగ తిరుగుతున్నయి." పక్కనున్న శ్రీశైలం కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పటికి ఆమెను అక్కా అని పిలవడం మొదలైంది. నలుగురిలో నన్ను మేడం అనేది, ఎవరూ లేనప్పుడు బిడ్డా అనేది.

ఆమెకు ఒకే ఒక్క కోరిక ఉండేది. గేటు పాస్ మీద ఆమె పేరు కింద 'స్వీపర్' అని ఉంటుంది. అక్కడ 'టూల్ రూం' అని రాయించుకోవాలి. జీతం పెంచమని కూడా అడగలేదు. నాతోనే మేనేజర్ దగ్గరికి వచ్చి అడిగింది. ఆయన నవ్వి, "సర్టిఫికెట్ ఉందా బాలమణీ? కాంట్రాక్టర్ మనిషివి, నేనేం రాయగలను" అన్నారు. ఆ మేనేజరే వారం తిరక్కుండా, వచ్చిన విజిటర్లను గ్రైండర్ దగ్గరికి తీసుకొచ్చి, మా దగ్గర ట్యాపులు వృథా కావు, సొంతంగా సానపడతాం అని చెప్పుకున్నారు. 'సొంతంగా' అట! ఆమె అప్పుడు పక్కకు తప్పుకుని చీపురు వెనక్కి పెట్టుకుని నిలబడింది. విజిటర్లు ఆమె వైపు చూడనైనా చూడలేదు. పాయసం వండిన మనిషిని పంక్తిలో కూర్చోనివ్వకపోవడం మనకు కొత్తేం కాదు కదా.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. దసరాకు ముందు కంపెనీలో ఆయుధ పూజ. బాలమణి సద్దుల బతుకమ్మకని ముందురోజే తల్లిగారి ఊరికి పోయింది. పూజ అలంకారం నాకు అప్పజెప్పారు. నాకేమో ముగ్గులంటే పిచ్చి. పెద్ద స్టీలు పళ్ళెంలో ట్యాపులతో తామరపువ్వు పేర్చాలని బుద్ధి పుట్టింది. సొరుగులో ఉన్నవి రేకులకు చాలలేదు. గ్రైండర్ కింది నెయ్యి డబ్బా గుర్తొచ్చింది. అందులోవి కూడా తీసి, సైజుల వారీగా లోపలివి చిన్నవి, బయటివి పెద్దవి పేర్చి, ఒక్కోదాని తోకకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. ఎండీ గారు ఫొటో తీసుకుని స్టేటస్‌గా పెట్టుకున్నారు. అవి ముసలి ట్యాపులని నాకు తెలియదా? తెలుసు. పూజే కదా, మళ్ళీ తీసేద్దాంలే అనుకున్నాను. సెలవులయ్యాక వచ్చేసరికి పని తరుముతోంది, బాలమణి ఇంకా ఊరినుంచి రాలేదు. పళ్ళెంలోవన్నీ సైజు చూసి సొరుగులో సర్దేశాను. నూనెలో కలిసి ఎండిన పసుపు కింద గాట్లు కనిపించవని నాకు తట్టలేదు. తప్పు పట్టుకోవడానికి జీతం తీసుకునే దాన్ని నేను. కంచే చేను మేసింది.

ఆ రోజు మధ్యాహ్నమే శ్రీశైలం మిషన్ మీద స్టెయిన్‌లెస్ స్టీలు పంపు బాడీ ఎక్కించాడు. పుణె కస్టమర్‌ది. పన్నెండు రంధ్రాల్లో పదకొండు అయ్యాయి. పన్నెండో దాంట్లో ఠప్పుమంది. నేను వెళ్ళేసరికి వాడు తల పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందు సగం లోపల ఇరుక్కుంది, తోక హోల్డర్‌లో మిగిలింది. నేనే దాన్ని తీసి గుడ్డతో తుడిచాను. పసుపు రాలి గాట్లు బయటపడ్డాయి. ఒకటి, రెండు, మూడు. ఇరుక్కున్న ముక్కను తీయడానికి జాబ్‌ను బయటికి పంపించారు. తీసేసరికి రంధ్రం పాడైంది. జాబ్ పోయింది.

రెండు రోజుల్లో పుణె నుంచి ఒక ఫారం వచ్చింది. అందులో 'ఎందుకు' అని ఐదుసార్లు అడుగుతారు. జవాబు రాస్తే దాని మీద మళ్ళీ ఎందుకు అని అడుగుతారు, అలా ఐదు గళ్ళు. మంచి పద్ధతేనని చదువుకునే రోజుల్లో అనుకున్నాను. మేనేజర్ గదిలో ఆ ఫారం నింపడం చూశాక తెలిసింది, ప్రతి ఎందుకూ ఒక మెట్టు కిందికి దిగుతుంది, అందరికంటే కింద ఉన్న మనిషి దొరకగానే ఆగిపోతుంది. ట్యాపు ఎందుకు విరిగింది? అరిగింది కాబట్టి. ఎందుకు అరిగింది? మళ్ళీ మళ్ళీ సానపట్టారు కాబట్టి. ఎందుకలా పట్టారు? అర్హత లేని వ్యక్తి, ఒక స్వీపర్, ఆ పని చేసింది కాబట్టి. ఎందుకు చేసింది? అనుమతి లేకుండా చేసింది. అక్కడితో మేనేజర్ కలం మూసేశారు. ఐదో గడి ఖాళీగా వదిలేశారు. అది నింపితే జవాబు ఆయన కుర్చీ దగ్గరికే వస్తుంది మరి.

నేను ఊరుకోలేదు, చెప్పాను. ఆ మాట నా కోసం నేను రాసుకోవాలి. "సార్, ఆమె ఆ ట్యాపును వాడొద్దని పక్కన పెట్టింది. మూడు గాట్లున్నాయి చూడండి. పూజకని డబ్బాలోంచి తీసింది నేను, సొరుగులో కలిపింది నేను. నా పేరు రాయండి" అన్నాను. ఆయన తోక ముక్క వైపు కూడా చూడలేదు. "దేవుడికి దండం పెట్టబోయి ట్యాపులు కలిపేశామని పుణెకు రాద్దామా పద్మజా? ఆ ఫొటో ఎండీ గారు స్టేటస్ పెట్టుకున్నారు" అన్నారు. పెడితే పెట్టుకున్నారు, నా పేరు రాయండి అన్నాను మళ్ళీ. అప్పుడు గొంతు మెత్తగా చేశారు. "నీ పేరు రాస్తే ఏమవుతుందో ఆలోచించావా? ఈ రెండేళ్ళలో మనం వాళ్ళకు పంపిన ప్రతి జాబ్ మీదా నీ సంతకమే ఉంది. అన్నీ అనుమానిస్తారు. ఆర్డరే పోతుంది. ఆమెకేముంది? కాంట్రాక్టర్ మనిషి. ఇక్కడ కాకపోతే ఇంకోచోట చీపురు పట్టుకుంటుంది" అంటూ కాగితం నావైపు తిప్పారు. ఇన్‌స్పెక్టర్ సంతకం అని ఉన్నచోట వేలు పెట్టి చూపించారు.

పెట్టాను. నా చెయ్యి పట్టుకుని ఎవరూ పెట్టించలేదు. భయపడ్డానని చెప్తే కొంచెం నయంగా ఉంటుంది కానీ, నిజానికి ఆయన చెప్పింది సబబుగానే ఉందని ఆ క్షణాన నాకు అనిపించింది. దాన్ని తలుచుకుంటేనే నాకు ఇవాళ్టికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున ఊరినుంచి నేరుగా పనికి వచ్చిన బాలమణిని గేటు దగ్గరే ఆపేశారు. పాస్ బంద్ అయిందన్నారు. కబురు తెలిసి నేను బయటికి వెళ్ళాను. పండక్కి పెట్టుకున్న కొత్త గాజులతో, చేతిలో సంచితో, లారీలు పోయే రోడ్డు పక్కన నిలబడి ఉంది. 

"ఏమైంది బిడ్డా? ఎందుకు రానిస్తలేరు?"

"ఒక ట్యాపు విరిగిందక్కా. మూడు గాట్లది."

"మూడు గాట్లది మిషిని మీదికి ఎట్లవోయింది? నేను డబ్బల ఏసిన గద!" అంది. ఆమెకు ముందు వచ్చిన బాధ అదే. పాస్ సంగతి తర్వాత.

పూజ సంగతి మొత్తం చెప్పాను. కొంగుతో మొహం తుడుచుకుంటూ వింది. తర్వాత, "సరె, తెల్వక కలిపినవ్. మనుషులన్నంక అయితది. గీ ముచ్చట సారుకు చెప్పినవా?" అని అడిగింది. చెప్పానన్నాను. "మరి నా పేరు మీద ఏం రాసిండ్రు?" ఏం రాశారో చెప్పాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్తుంటే ప్రతి మాటా ఇంకా నీచంగా వినిపించింది. "సంతకం ఎవ్వలది?"

"నాది."

"సదివినంకనే పెట్టినవా?"

"చదివే పెట్టాను."

ఆమె నా మొహం వైపు చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. "లోపల నా పాత చెప్పులున్నయి, గ్రైండర్ కాడ. తెచ్చియ్యి" అంది. తెచ్చి ఇచ్చాను. సంచిలో వేసుకుని బస్టాపు వైపు వెళ్ళిపోయింది.

గ్రైండర్ వైరు కోసి పారేశారు. కొత్త ట్యాపులే కొన్నారు. అవీ విరిగాయి, శ్రీశైలం తొందర అలాగే ఉంది మరి. వాటికి ఏ ఫారమూ రాలేదు. 'సహజమైన అరుగుదల' అని రిజిస్టరులో ఒక ముక్క రాసి ఊరుకునేవారు. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళు, మద్దెల మార్చాక కూడా ఆడలేకపోతే మాత్రం కిక్కురుమనరు. ఏడాది తిరిగేలోగా నేను అక్కడ మానేశాను. మానేయడం పెద్ద త్యాగమేమీ కాదు, కొత్త చోట మంచి జీతమే వచ్చింది.

ఇప్పుడున్న కంపెనీలో నా మాటకు కొంచెం విలువ ఉంది. రెండేళ్ళ క్రితం, టూల్స్ నూరడానికి మనిషి కావాలన్నప్పుడు, నేను బాలమణి కోసం వెతుక్కుంటూ వెళ్ళాను. కిష్టారెడ్డిపేటలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్ ఊడుస్తోంది. మొదట రానంది. తర్వాత, "పాస్ మీద ఏం రాస్తరు?" అని అడిగింది. టూల్ రూం అని రాస్తారన్నాను. వచ్చింది. ఏళ్ళ తరబడి గ్రైండర్ ముట్టని చెయ్యి, మా ప్లాంట్ హెడ్ ముందు ఒక ట్యాపు నూరింది. పెదవులు కదిలాయి, ఒకటి రెండు మూడు. మర తీసి చూస్తే గేజ్ నూనెలో దిగినట్టు దిగింది. ఆయన అక్కడికక్కడే తీసుకోమన్నారు. ఆమె వెళ్తూ వెళ్తూ నన్ను 'బిడ్డా' అంది.

మూడో రోజు మా హెచ్ఆర్ అతను నన్ను పిలిచాడు. ఈ చుట్టుపక్కల కంపెనీల హెచ్ఆర్ వాళ్ళందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంటుంది. అందులో బాలమణి పేరు పెట్టి అడిగితే పది నిమిషాల్లో జవాబు వచ్చిందట. ఫోన్ నా ముందు పెట్టాడు. ఐదు ఎందుకుల ఫారం. అడుగున నీలం సిరాతో నా పేరు. 

"ఇది మీ సంతకమేనా మేడం?"

"నాదే. కానీ అందులో రాసింది అబద్ధం."

అతను ఇబ్బందిగా చూసి, "అప్పుడు అబద్ధం మీద సంతకం పెట్టారంటే, ఇప్పుడు చెప్పేది నిజమని నేనెట్లా రాసుకోవాలి మేడం?" అన్నాడు. వెటకారమేమీ లేదు. నిజంగానే అడిగాడు. బాలమణిని తీసుకోలేదు. ప్లాంట్ హెడ్ కూడా, పేపర్ మీద ఉన్నాక మనమేం చేస్తాం అనేశారు. ఆమె చెయ్యి చూసి మెచ్చుకున్న మనిషే! కళ్ళతో చూసినదానికంటే ఎవడో పంపిన కాగితం ఎక్కువైపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి తెల్ల కాగితాలు తీసుకుని జరిగిందంతా ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి రాశాను. పూజ, పళ్ళెం, పసుపు, మూడు గాట్లు, నా సంతకం. ఇంగ్లీషులో రాసింది మా హెచ్ఆర్‌కూ పాత కంపెనీకీ పంపాను. ఇక్కడ, ఇది మన ఫార్మాట్‌లో లేదన్నారు. అక్కడినుంచి జవాబే లేదు. తెలుగులో రాసింది పట్టుకుని కిష్టారెడ్డిపేట వెళ్ళాను. ఉద్యోగం రాదని ముందే ఫోన్‌లో చెప్పాను కాబట్టి ఆమె నన్ను చూసి ఆగలేదు, ఊడుస్తూనే ఉంది. కాగితం చేతికివ్వబోయాను.

"నాకు సదువొస్తదా? నువ్వే సదువు" అంది. మెల్లగా మొదలుపెట్టాను. "గట్టిగ సదువు" అంది. సెల్లార్‌లో వాచ్‌మన్ ఉన్నాడు, ఇళ్ళల్లో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు లిఫ్ట్ కోసం నిలబడి ఉన్నారు. ఆమె వాళ్ళను కూడా పిలిచింది. నలుగురి ముందూ, నా తప్పును నా గొంతుతో, కారు హారన్ల మధ్య చదివాను. చివర 'బాలమణి నూరి వాడమని ఇచ్చిన ఏ ట్యాపూ విరగలేదు' అన్న మాట హారన్‌లో కలిసిపోతే మళ్ళీ చదివాను. ఆమె కళ్ళలో తడి లేదు. "ఇంట్ల గిలాస పగిలినా నీ చెయ్యి వడ్డదంటరు బిడ్డా. కంపెనీల మిషిని ఖరాబ్ జేసినదని మా ఆయనకు ఎవ్వలో చెప్పిండ్రు. గప్పటిసంది గదే మాట. కోడలు సుత గదే మాట" అంది. అదంతా నాకు అప్పటిదాకా తెలియదు. ఉద్యోగం పోయిందనుకున్నానే కానీ, ఆమె చేతికి ఇంట్లో కూడా విలువ పోయిందని ఊహించలేదు. నేను క్షమించమని అడగబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "గవన్ని ఒద్దు. ఐతారం ఇంటికి రా. మా ఆయన ఉంటడు. ఆయన ముందట సదువు."

ఆదివారం వెళ్ళి చదివాను. ఆ తర్వాత ఆమె అన్న ఇంట్లో చదివాను. ఆమె పొదుపు సంఘం మీటింగులో పదిమంది ఆడవాళ్ళ ముందు చదివాను. పాత కాంట్రాక్టర్ దుకాణం ముందు చదివితే అతను మొహం తిప్పుకున్నాడు, ఆమె మాత్రం పూర్తయ్యేదాకా నన్ను కదలనివ్వలేదు. నన్ను క్షమించినట్టు ఆమె ఎక్కడా అనలేదు. నేనూ ఇక అడగడం లేదు. ఆ కాగితం మడతల దగ్గర చిరిగితే రెండుసార్లు తిరగరాశాను, ఎప్పుడూ నా బ్యాగులోనే ఉంటుంది. నిన్న ఫోన్ చేసింది. సోమవారం పొద్దున, షిఫ్టు మారే వేళకు పాత కంపెనీ గేటు ముందు చదవాలట. అక్కడ లోపలికి పోయేవాళ్ళూ బయటికి వచ్చేవాళ్ళూ అందరూ ఉంటారు, మేనేజర్ కారు కూడా అప్పుడే వస్తుంది. "మైకు లేదు, జెర గట్టిగ సదువాలె" అంది. సరేనన్నాను. సెలవు చీటీ రాసి ఇచ్చేశాను. కారణం అని ఉన్న గడిలో ఈసారి ఉన్నదున్నట్టు నేనే రాశాను.